విజయనగరంలో అద్దె కోసం ఇల్లు: కొనుగోలు నుంచి నిర్వహణ దాకా సమగ్ర మార్గదర్శి

మా నాన్నగారు విజయనగరంలో 1996లో కట్టించిన మూడు వాటాల డాబా ఇంటి వ్యవహారాలను ఇరవై ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మధ్యలో అద్దెకివ్వడానికే ఒక ఫ్లాటు కూడా కొన్నాను. ఈ రెండింటి వల్ల నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. మన వంటి ఊళ్లలో అద్దె ఇంటి ఆదాయాన్ని తేల్చేది నెలనెలా పడే అద్దె అంకె కన్నా, ఏడాదిలో ఇల్లు ఖాళీగా పడి ఉన్న నెలల సంఖ్య. వెయ్యి రూపాయలు ఎక్కువ వస్తాయని ఆశపడి, తొమ్మిది వేల అద్దె వచ్చే ఇంటికి రెండు నెలల పాటు టు-లెట్ బోర్డు వేలాడదీసిన యజమానికి, పోయిన ఆ పద్దెనిమిది వేలు పూడడానికి ఏడాదిన్నర పడుతుంది. ఏ ఇల్లు కొనాలి, ఏ కాగితం చూడాలి, ఎవరికి ఇవ్వాలి, మరమ్మతు ఎప్పుడు చేయించాలి అన్న విషయాలన్నింటినీ ఆ ఖాళీ నెలలను దృష్టిలో పెట్టుకునే కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: కొనే ముందు లెక్క వేయడం

ఒక తెల్లకాగితం తీసుకుని మొత్తం లెక్కను రాసుకోండి. ఉదాహరణకు 45 లక్షలకు రెండు పడకగదుల ఫ్లాటు దొరికిందనుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో సుమారు 7.5 శాతం అవుతాయి కనుక, అక్కడే మూడు లక్షల ముప్పై ఏడు వేల దాకా చేరుతుంది. రంగులు, ఫ్యాన్లు, వంటగదిలో చిల్లర పనులు కలుపుకుంటే మీ పెట్టుబడి 49 లక్షల దగ్గర తేలుతుంది. నెలకు 11,000 అద్దె వస్తే ఏడాదికి 1,32,000. అందులో ఒక నెల ఖాళీ పోయిందనుకుని, ఇంటి పన్ను, అపార్టుమెంటు నిర్వహణలో యజమాని వాటా, నాలుగేళ్లకోసారి వేయించే రంగుల ఖర్చులో ఈ ఏటి భాగం తీసేస్తే, చేతికి మిగిలేది లక్ష రూపాయలు. అంటే పెట్టుబడి మీద ఏటా రెండు శాతం మాత్రమే.

ఈ అంకె చూసి నిరుత్సాహపడనక్కర్లేదు గాని, కళ్లు మూసుకుని దాటిపోకూడదు కూడా. బ్యాంకు డిపాజిట్ మీద ఇంతకన్నా ఎక్కువ వడ్డీ వస్తుందన్నది నిజం. ఇల్లు కొనేవారు భూమి విలువ పెరుగుదలను, ఏటేటా పెరిగే అద్దెను నమ్ముకుని కొంటారు. అందుచేత మీ కాగితం మీద ఆ రెండింటినీ విడివిడిగా రాయండి. భూమి విలువ పెరుగుతుందన్నది ఆశ. అద్దె ప్రతి నెలా వచ్చి తీరాల్సిన డబ్బు. అప్పు చేసి కొనేవారైతే మరింత జాగ్రత్త పడాలి. 25 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలవారీ కిస్తీ 21,700 దగ్గర పడుతుంది. పదకొండు వేల అద్దె దానిలో సగం మాత్రమే తీరుస్తుంది. "అద్దెతోనే కిస్తీ గడిచిపోతుంది" అని ఎవరైనా చెబితే, ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించండి. కనీసం ఆరు నెలల కిస్తీ డబ్బు విడిగా బ్యాంకులో లేనిదే రుణంతో అద్దె ఇల్లు కొనవద్దని నా గట్టి సలహా.

ఫ్లాటుకూ, వాటాలున్న పాత డాబాకూ లెక్క వేరు. మూడు చిన్న వాటాల ఇంట్లో ఒకటి ఖాళీ అయినా మిగతా రెండింటి అద్దె ఆగదు. పైగా భూమి అంతా మీదే. దానికి తగ్గట్టు మరమ్మతులు ఎక్కువ, తలుపు తట్టి పిలిచేవారు ముగ్గురు. దగ్గరుండి చూసుకోగలిగినవారికి డాబా మేలు, వేరే ఊళ్లో ఉద్యోగం చేసేవారికి ఫ్లాటు మేలు అని నేననుకుంటాను.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అమ్మే ఇంటి స్థలాల గురించి ఒక మాట. అవి మంచివి కావచ్చు, కాకపోవచ్చు, కాని అవి అద్దె ఆస్తులు కావు. ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, పైగా ఖాళీ స్థలానికి పన్ను కట్టాలి, హద్దురాళ్లు కాపాడుకోవాలి. అద్దె ఆదాయం కావాలనుకున్నవారు ఆ డబ్బును అక్కడ పెట్టకపోవడమే మంచిది.

రెండో మెట్టు: ఎవరు దిగుతారో ముందే నిర్ణయించుకోవడం

ఇల్లు చూసిన తర్వాత అద్దెదారుల కోసం వెతకడం కన్నా, అద్దెదారు ఎవరో తేల్చుకున్నాక ఇల్లు వెతకడం సులువు. విజయనగరంలో అద్దెకు ఉండేవారిలో బదిలీల మీద వచ్చే బ్యాంకు, రైల్వే, కలెక్టరేటు, కోర్టు ఉద్యోగులు ఒక వర్గం, ఉపాధ్యాయులు, నర్సులు మరో వర్గం. ద్వారపూడి దగ్గరి గురజాడ జేఎన్‌టీయూ, చింతలవలస వైపు ఇంజనీరింగ్ కళాశాల, 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల చుట్టూ విద్యార్థులు, అధ్యాపకులు ఉంటారు. రైలులోనో బస్సులోనో రోజూ విశాఖపట్నం వెళ్లివచ్చే కుటుంబాలూ ఉన్నాయి, వారికి స్టేషనూ ఆర్టీసీ కాంప్లెక్సూ దగ్గరగా ఉండాలి.

ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క అవసరం. ఉద్యోగుల కుటుంబానికి బడి దగ్గర, నీళ్లు సరిగా వచ్చే వీధి, స్కూటరు పెట్టుకునే చోటు కావాలి. విద్యార్థులకు గదులు విడివిడిగా, వంటకు చోటు, మెస్ దగ్గర ఉండాలి. మూడు లాంతర్లు, గంటస్తంభం వైపు ఇళ్లకు బజారు దగ్గర అన్న సౌకర్యం ఉంది గాని కారు తిరగదు. బయటి కాలనీల్లో రోడ్లు వెడల్పు గాని, సాయంత్రం ఏడు దాటితే ఆటో దొరకడం కష్టమయ్యే చోట్లున్నాయి. కొనదలచిన ఇంటి ముందు ఒక ఉదయం ఎనిమిది గంటలకు, ఒక సాయంత్రం ఏడు గంటలకు అరగంట చొప్పున నిలబడండి. ఆ వీధిలో ఎవరు నివసిస్తున్నారో, వారిలో అద్దెవారెందరో అప్పుడు తెలుస్తుంది. రెండు వీధులు తిరిగి ఎన్ని టు-లెట్ బోర్డులున్నాయో లెక్కపెట్టండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి వాటిలో ఎన్ని దిగాయో చూడండి. అన్నీ అలాగే వేలాడుతుంటే ఆ వీధిలో ఇల్లు చవకగా వచ్చినా కొనవద్దు.

మూడో మెట్టు: కాగితాలు

ఈ ప్రాంతంలో ఆస్తి కాగితాలకు ఒక చరిత్ర ఉంది. విజయనగరం సంస్థానం పెద్ద జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఆ భూములు రైత్వారీ కిందకు, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే పద్ధతిలోకి వచ్చాయి, ఇనాం (పూర్వం దానంగా ఇచ్చిన) భూములకు 1956లో వేరే చట్టం వచ్చింది. అందువల్ల పాత దస్తావేజుల్లో జమీ భూమి, ఇనాం, దేవస్థానం భూమి, ట్రస్టు భూమి అన్న మాటలు కనిపిస్తాయి. ఆ మాట కనబడిన ప్రతిచోటా ఆగి, ఆ భూమి తర్వాత ఎవరి పేరున ఎలా మారిందో గొలుసు తెగకుండా చూడాలి. గొలుసులో ఒక్క లింకు డాక్యుమెంటు లేకపోయినా, ధర ఎంత తగ్గించినా, ముందుకు వెళ్లకూడదు.

ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముందు మీ అంతట మీరే తీయండి. రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. ముప్పై ఏళ్ల ఈసీ చూసి, దానిలో కనిపించే ప్రతి తనఖా తీరిపోయినట్టు కాగితం అడగండి. తర్వాత సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు ఈ జాబితాలో ఉంటాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమిని అమ్మడం, కొనడం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది; తర్వాతి సవరణల్లో కొన్నింటికి సడలింపు వచ్చింది గాని, అది ఆ భూమికి వర్తిస్తుందని తేల్చుకోనిదే కొనవద్దు. పట్టణం అంచున విలీనమైన గ్రామాల్లో ఇల్లు చూసేటప్పుడు ఈ రెండు విషయాలు మరీ ముఖ్యం. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) మీదుగా చేతులు మారిన ఆస్తికి హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది కనుక, అమ్మేవారి పేరున రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు తప్పక ఉండాలి.

ఆ తర్వాత ప్లాను. నగరపాలక సంస్థ అనుమతించిన ప్లానుకూ, కట్టిన ఇంటికీ తేడా ఎంతో టేపుతో కొలిచి చూడండి. అనుమతి రెండంతస్తులకు ఉండి మూడో అంతస్తు వేసి ఉంటే, ఆ పై వాటా మీద వచ్చే అద్దెను మీ లెక్కలోంచి తీసేయండి, ఎందుకంటే దాన్ని ఏ రోజైనా ఎవరైనా ప్రశ్నించవచ్చు. కొత్త అపార్టుమెంటు అయితే, ఎనిమిది ఫ్లాట్లకు మించినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. నంబరు అడిగి, రెరా వెబ్‌సైటులో మీరే సరిచూసుకోండి.

బయానా విషయంలో ఒక హెచ్చరిక. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. ఆస్తి విలువ 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారే ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలన్న నియమం చాలామంది మరిచిపోతుంటారు.

కొనే ఇంట్లో ఇప్పటికే అద్దెవారుంటే, వారు ఇచ్చిన అడ్వాన్సు ఎంతో వారి నోటే విని, ఆ మొత్తాన్ని అమ్మేవారి ధరలోంచి తగ్గించండి. రిజిస్ట్రేషన్ అయిన రోజే పాత యజమాని చేత "ఇకపై అద్దె వీరికి చెల్లించండి" అని ఒక ఉత్తరం రాయించి అద్దెవారికి అందజేయించండి.

నాలుగో మెట్టు: ఇంటిని చూసే పద్ధతి

నా ఫ్లాటును ఏప్రిల్‌లో చూశాను. గోడలకు అప్పుడే రంగు వేశారు, గదులన్నీ మెరిసిపోతున్నాయి. సంతోషంగా కొన్నాను. జూలై మొదటి వారంలో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి ఫోన్ చేసి, "మాస్టారూ, మంచం జరిపితే గాని కనబడలేదండీ, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. పడమటి గోడ మీద పళ్లెమంత చెమ్మ మరక. దాని అంచున రంగు పొక్కులు కట్టి, చేత్తో తాకితే పెళ్లలుగా రాలి పరుపు మీద పడుతోంది. పై అంతస్తు స్నానాలగదిలో నీరు పోయే జాలీ చుట్టూ సిమెంటు వదిలేసి, నీరు గోడలోకి దిగుతోంది. అమ్మినవారు ఆ సంగతి తెలిసే రంగు వేయించారు. పై ఇంటివారిని ఒప్పించి పగలగొట్టి బాగు చేయించేసరికి ఆరు వారాలు పట్టింది. ఈలోగా ఆ కుటుంబం ఇల్లు మారింది. మరమ్మతుకు పద్నాలుగు వేలు అయితే, ఇల్లు ఖాళీగా ఉన్న మూడు నెలలకు పోయింది దానికి రెండింతలు.

అప్పటినుంచి నేను ఏ ఇంటినైనా వానాకాలంలో, వీలైతే రాత్రంతా వాన కురిసిన మర్నాడే చూస్తాను. స్లాబు అడుగున తేనెరంగు మరకలు, గోడ అలమరల లోపల ముక్కవాసన, కిటికీ మూలల్లో వేలితో నొక్కితే రాలే ఇసుక, స్నానాలగది అవతలి గోడ, ఈ నాలుగూ చూస్తే ఇల్లు తన సంగతి చెప్పేస్తుంది. ఎండాకాలంలోనే చూడాల్సి వస్తే, పైన స్నానాలగదిలో రెండు బకెట్ల నీళ్లు పోయించి గంటసేపు కింద కూర్చోండి. కొత్తగా రంగు వేసిన గోడ కనిపిస్తే సంతోషించకుండా అనుమానించండి.

నీళ్ల విషయం ఇరుగుపొరుగును అడగాలి, ఇంటివారిని కాదు. మున్సిపల్ కుళాయి ఎన్ని గంటలకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, మే నెలలో ఎలా ఉంటుంది, బోరు ఎన్ని అడుగులు వేశారు, నీరు ఉప్పగా ఉంటుందా అని రెండిళ్లలో విడివిడిగా అడగండి. పాత ఇంట్లో నుయ్యి ఉంటే పూడ్పించవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, బోర్లున్న ఇళ్లవారందరూ మా నూతి దగ్గరికే బిందెలు తెచ్చుకున్నారు.

ఇక కరెంటు మీటర్లు. వాటాలున్న ఇంట్లో ప్రతి వాటాకూ విడి మీటరు ఉండి తీరాలి. దీనికి కారణం లెక్కలోనే ఉంది. 2022 నాటి గృహ వినియోగ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75 చొప్పున పడుతుంది. మూడు వాటాల వారు నెలకు వంద యూనిట్ల చొప్పున వాడితే విడి మీటర్ల మీద ఒక్కొక్కరికి సుమారు 305, ముగ్గురికీ కలిపి 914 రూపాయల కరెంటు చార్జీ అవుతుంది. అదే మూడు వందల యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే 1,673 అవుతుంది. స్థిర చార్జీలూ ఇతర రుసుములూ దీనికి అదనం. ఆ తేడాను ఎవరు భరించాలన్న దాని మీద మొదలైన మాటామాటా ఇల్లు ఖాళీ చేసేదాకా వెళ్లడం నేను చూశాను. నీటి మోటారుకు, మెట్ల దీపానికి కూడా విడి మీటరు పెట్టించి, ఆ బిల్లును యజమానే కట్టి అద్దెలో కలుపుకోవడం శ్రేయస్కరం.

ఐదో మెట్టు: అద్దెదారును ఎంచుకోవడం

ఉద్యోగుల బదిలీలు, బడుల ప్రారంభం మే, జూన్ నెలల్లో ఉంటాయి కనుక ఇళ్లకు గిరాకీ అప్పుడే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి శూన్యమాసాల్లోనూ, మూఢాల్లోనూ మన వైపు చాలా కుటుంబాలు ఇల్లు మారవు. పాలు పొంగించడానికి మంచిరోజు చూసుకుని శ్రావణంలోనో కార్తికంలోనో వస్తామంటారు. ఇది మన ఇష్టాయిష్టాల విషయం కాదు, లెక్కలో పెట్టుకోవలసిన వాస్తవం. ఒప్పందం ముగిసే తేదీని మే నెలాఖరుకు వచ్చేట్టు పెట్టుకుంటే, ఆషాఢం రాకముందే కొత్తవారు దిగుతారు. ఎవరైనా ఇల్లు నచ్చి "శ్రావణంలో దిగుతాం" అంటే, అడ్వాన్సు తీసుకుని ఆ మధ్య నెలకు సగం అద్దెకు ఒప్పుకోవడం, బోర్డు పెట్టుకుని కూర్చోవడం కన్నా లాభం. ఆ నెలలోనే మరమ్మతులు కూడా పూర్తిచేసుకోవచ్చు.

మనిషిని చూసేటప్పుడు కులం, మతం, తిండి గురించి ఆరా తీయడం మన ఊళ్లో ఇంకా ఉంది. అది తప్పని నా అభిప్రాయం, దానివల్ల మంచి అద్దెదారులను పోగొట్టుకున్న యజమానులను ఎరుగుదును కూడా. అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పని చేస్తున్నారు, జీతం అద్దెకు నాలుగు రెట్లయినా ఉందా, ఇంట్లో ఎంతమంది ఉంటారు, పాత ఇల్లు ఎందుకు మారుతున్నారు అన్నవి అడగండి. వీలైతే పాత ఇంటి యజమానితో రెండు నిమిషాలు మాట్లాడండి. ఉద్యోగ గుర్తింపు కార్డు నకలు, అంకెలు దాచిన ఆధార్ నకలు తీసుకుని, వివరాలను స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇవ్వండి. పెళ్లికానివారికి ఇల్లు ఇవ్వబోమని చాలామంది పట్టుబడతారు. నలుగురు నర్సింగ్ విద్యార్థినులు మా మేడమీద వాటాలో నాలుగేళ్లు ఉన్నారు, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం కాలేదు. పేర్లన్నీ ఒప్పందంలో రాయించి, ఒకరి తల్లిదండ్రుల చేత పూచీ సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది.

ఆరో మెట్టు: ఒప్పందం

మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంటు ఆచారంగా స్థిరపడింది. మన రాష్ట్రంలో లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ చేయించాలన్నదే నియమం. తక్కువ కాలానికైనా రిజిస్టర్ చేయించుకోవడమే క్షేమం, ఎందుకంటే రిజిస్టర్ కావలసిన పత్రం రిజిస్టర్ కాకపోతే దాని షరతులను కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. ఖర్చుకు వెనకాడి తెల్లకాగితం మీద రాసుకున్నవారు చిక్కు వచ్చినప్పుడు బాధపడతారు.

ఇక్కడ ఒక పాత భయం గురించి చెప్పాలి. "పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుంది" అన్న మాట మన ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తోంది. ఆ భయంతో మంచి అద్దెదారులను కూడా మూడేళ్లకోసారి ఖాళీ చేయించేవారున్నారు. 1963 కాలపరిమితి చట్టంలోని పన్నెండేళ్ల గడువు యజమాని హక్కును ధిక్కరించి ఆస్తిని అనుభవించేవారికి సంబంధించినది. మీకు అద్దె చెల్లిస్తూ, మిమ్మల్ని యజమానిగా ఒప్పుకుంటూ ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా అద్దెదారే. కావలసిందల్లా ఒప్పందాన్ని ఎప్పటికప్పుడు తిరగరాయడం, అద్దె బ్యాంకు ద్వారా తీసుకోవడం, రసీదు ఇవ్వడం. మా కింది వాటాలో ఒక ఉపాధ్యాయ కుటుంబం పద్నాలుగేళ్లు ఉంది. ఆ పద్నాలుగేళ్లలో ఆ వాటా ఒక్క నెల కూడా ఖాళీ లేదు.

ఒప్పందంలో అద్దె, చెల్లించే తేదీ, ఏటా పెంపు శాతం, అడ్వాన్సు, దాన్ని తిరిగి ఇచ్చే గడువు, ఖాళీ చేయడానికి ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, నివాసానికి తప్ప వేరే పనికి వాడకూడదన్న షరతు స్పష్టంగా ఉండాలి. మరమ్మతుల విభజన కూడా రాయండి. స్లాబు, గోడలు, పైపులైను, మోటారు, సెప్టిక్ ట్యాంకు యజమానివి, బల్బులు, కుళాయి వాషర్లు, వాడకంలో విరిగినవి అద్దెదారువి. అడ్వాన్సు విషయంలో మేము రెండు నెలల అద్దెకు మించి తీసుకోము. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం కూడా నివాసాలకు రెండు నెలల పరిమితినే సూచించింది. దిగే రోజున ప్రతి గదినీ, ప్రతి స్విచ్చు బోర్డునూ, మీటరు రీడింగునూ ఫోన్‌లో ఫోటోలు తీసి, అవే అద్దెదారుకూ పంపండి. పది నిమిషాల పని.

ఏడో మెట్టు: నెలనెలా నిర్వహణ

ఇంటికొక నోటు పుస్తకం పెట్టండి. నాన్నగారు ఎడమ పేజీలో వచ్చిన అద్దె, కుడి పేజీలో పెట్టిన ఖర్చు రాసేవారు, ప్లంబరు ఏ రోజు వచ్చి ఏ వాల్వు మార్చాడో కూడా అందులో ఉండేది. మోటారు ఏ ఏడు చుట్టించామో, సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు తీయించామో ఇప్పటికీ ఆ పుస్తకమే చెబుతుంది.

అద్దెదారు మరమ్మతు కోసం ఫోన్ చేస్తే రెండు రోజుల్లో మనిషిని పంపండి, లేదా ఎప్పుడు పంపగలరో ఆ రోజే చెప్పండి. కారుతున్న కుళాయిని నెల రోజులు వదిలేస్తే అద్దెదారు ఇల్లు వెతుక్కోవడం మొదలుపెడతాడు, ఆ సంగతి మీకు తెలిసేసరికి అతను వేరే చోట అడ్వాన్సు ఇచ్చేసి ఉంటాడు.

ఈ జిల్లాకు అక్టోబరు ఒక పరీక్ష. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరు చివర గులాబ్ తుపాను ఈ తీరాన్నే తాకాయి. కనుక సెప్టెంబరు మొదట్లోనే మేడమీద నీరు పోయే తూములు శుభ్రం చేయించి, రేకుల బోల్టులు బిగింపించి, ఇంటి మీదికి ఒరిగిన కొబ్బరి మట్టలు కొట్టించాలి. హుద్‌హుద్ రోజున మా మేడ మీద ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు లేచిపోయి పక్కింటి పెరట్లో పడింది, నిండుగా ఉన్నది కదలలేదు. అప్పటినుంచి తుపాను కబురు వినగానే ట్యాంకులన్నీ నింపిస్తాం. భారత్ గృహ రక్ష పేరుతో 2021 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్ముతున్న పాలసీ తుపాను, వరద, భూకంపం, అగ్నిప్రమాదాల నష్టానికి వర్తిస్తుంది. కట్టడం విలువకే బీమా చేయించండి, భూమి విలువ కలపవద్దు. దసరా తర్వాత జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు రోజుల్లో మేస్త్రీలు, రంగులవారు దొరకరు కనుక, ఆ పనులు దసరాకు ముందే ముగించుకోండి.

అద్దె పెంపు ఏటా ఐదు శాతం దగ్గర ఉంటే ఎవరికీ భారం కాదు. మూడేళ్లు పెంచకుండా ఊరుకుని ఒక్కసారి రెండు వేలు పెంచితే మంచివారే ముందు వెళ్లిపోతారు.

ఎనిమిదో మెట్టు: పన్నులు

ఇంటి పన్ను ఏడాది మొత్తానిది ఏప్రిల్ 30లోగా కడితే ఐదు శాతం రాయితీ ఉంది. ఆలస్యమైతే నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. నివాసాన్ని ట్యూషన్ కేంద్రానికో గోదాముకో ఇస్తే పన్ను పెరుగుతుంది, కరెంటు కేటగిరీ మారుతుంది.

ఆదాయపు పన్నులో అద్దెను ఇంటి ఆస్తి ఆదాయంగానే చూపాలి. ఏడాది అద్దె 1,20,000, మీరు కట్టిన ఇంటి పన్ను 4,000 అనుకుంటే, మిగిలిన 1,16,000లో 30 శాతం, అంటే 34,800, ఖర్చులకింద ఏ రసీదూ చూపకుండానే తగ్గుతుంది. 81,200 మాత్రమే లెక్కకు వస్తుంది, గృహరుణ వడ్డీ ఉంటే అదీ తగ్గుతుంది. కొత్త పన్ను విధానంలో ఆ వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతం వంటి ఇతర ఆదాయంలో సర్దుకోవడానికి వీల్లేదు. అద్దె ఏడాదికి లక్ష దాటితే, ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోరే ఉద్యోగి మీ పాన్ నంబరు తన కార్యాలయంలో ఇవ్వాలి, కాబట్టి అద్దెను దాచాలనుకోవడం వ్యర్థం. విదేశంలో ఉన్న కొడుకు పేరునో కూతురి పేరునో ఇల్లు ఉంటే, అద్దెదారు పన్ను మినహాయించి కట్టాల్సి ఉంటుంది. ఆ సంగతి ఇల్లివ్వకముందే అతనికి చెప్పండి.

తొమ్మిదో మెట్టు: ఖాళీ చేయించడం

అద్దె రెండు నెలలు ఆగితే కోపంతో కాకుండా కాగితంతో మాట్లాడాలి. మొదట ఎదురుగా కూర్చుని కారణం అడగండి. జీతం ఆగిందా, ఆసుపత్రి ఖర్చు వచ్చిందా తెలుసుకుని, నిజమైన ఇబ్బంది అయితే వాయిదాలు ఇవ్వండి, ఆ వాయిదాలను రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. మాట తప్పితే న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. నెలవారీ అద్దెకు 1882 ఆస్తి బదిలీ చట్టం పదిహేను రోజుల నోటీసు చెబుతుంది, ఒప్పందంలో వేరే గడువు ఉంటే దాన్నే పాటించాలి. కరెంటు తీసేయడం, కుళాయి కట్టేయడం, తాళం మీద తాళం వేయడం వంటివి ఎంతమాత్రం చేయవద్దు. అవి మీ పక్షాన ఉన్న న్యాయాన్ని మీ చేతులతో పోగొట్టుకోవడమే.

చాలాసార్లు ఇల్లు ఖాళీ కావడం మర్యాదగానే జరుగుతుంది. బదిలీ వచ్చిందని అద్దెదారు చెప్పిన రోజే బోర్డు పెట్టండి, అతను వెళ్లేదాకా ఆగవద్దు. ఖాళీ చేసే ఉదయం దిగిన రోజు తీసిన ఫోటోలను ఎదురుగా పెట్టుకుని ఇద్దరూ కలిసి గదులు చూడండి. మేకుల రంధ్రాలు, వెలిసిన రంగు వాడకంలో వచ్చేవే, వాటికి డబ్బు కోయకూడదు. పగిలిన సింకుకు, విరిగిన తలుపుకు కోయండి, బిల్లు చూపించి కోయండి. కరెంటు రీడింగు చూసి చివరి బిల్లు లెక్క కట్టి, మిగిలిన అడ్వాన్సు ఆ రోజే బ్యాంకు ద్వారా పంపి, తాళంచెవులు లెక్కపెట్టి తీసుకోండి. కిందటి మే నెలలో మా ఫ్లాటు ఖాళీ చేసిన గుమాస్తా గారికి సామాను లారీ ఎక్కేలోపే అడ్వాన్సు ముట్టింది. ఆయన స్థానంలో అదే శాఖకు బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని ఆయనే ఫోన్ చేసి మా ఇంటికి పంపారు. వంటగదికి మాత్రం రంగు వేయించాం, తొమ్మిదో రోజు వారు పాలు పొంగించుకున్నారు.